వేపపూల తేనెకు అంటగట్టిన బెల్లం

తేనె అసలు రంగు ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. పువ్వు అసలు రంగు ఏమిటని ఎవరూ అడగరు. మల్లె తెల్లగా, మందారం ఎర్రగా ఉంటే అందరికీ సమ్మతమే. అవే తేనెటీగలు వేరువేరు పూలమీద వాలి తెచ్చిన తేనె మాత్రం ఒకే రంగులో, ఒకే రుచిలో ఉండాలి. టీవీ ప్రకటనలో చెంచా మీంచి జారే ఆ బంగారు రంగు లేకపోతే చాలు, కల్తీ అనేస్తారు.

నా పేరు వి. రుక్మిణి. పుదుచ్చేరిలో ఒక తేనె సహకార సంఘం పరీక్షగదిలో పనిచేసి రిటైరయ్యాను. ఇల్లు మూలకుళం. మా పెద్దలు ఈ ఊరికి ఎప్పుడొచ్చారో మాకే తెలియదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, సగం అరవం కలిసిన తెలుగు. చదవడం, రాయడం మావాళ్ళలో చాలామందికి రాదు. మా మేనత్త పట్టుబట్టి నా చేత అక్షరాలు దిద్దించింది కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

తేనె పరీక్షల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదవాలని ఇది రాస్తున్నాను. ఎప్పుడు చేరాను, ఏ గ్రేడు వచ్చింది లాంటి సంగతులు మీకెందుకు? ఒక మనిషి తేనెను కల్తీ అనే ముందు మీరు ఏం చూడాలో, చూడకపోతే ఏమవుతుందో చెబుతాను.

నాలుకకు తెలిసేవి

మొదట మీ నాలుకను బాగుచేసుకోండి. కాఫీ తాగి తేనె రుచి చూడకండి. పరీక్ష యంత్రాలు చక్కెరల లెక్క చెబుతాయి. ఏ తోటలోంచి వచ్చిందో ముందుగా పసిగట్టేది నాలుకే.

కొబ్బరితోపుల్లో తీసిన తేనె లేతగా ఉంటుంది, గొంతులో పెద్దగా హడావుడి చేయకుండా దిగిపోతుంది. మునగపూల తేనె కొంచెం చిక్కటి పసుపు, తిన్న కాసేపటికి కూడా వాసన నోట్లో ఉంటుంది. చింతపూల తేనెలో చిన్న పులుపు తగులుతుంది. పొద్దుతిరుగుడు తేనె పచ్చగా మెరిసి, కొద్దిరోజులకే నెయ్యిలా పేరుకుపోతుంది. పేరుకున్న సీసా పట్టుకుని కొట్లాటకు వచ్చినవాళ్ళు ఎంతమందో. అడుగున చక్కెర దిగిందట! వేడినీళ్ళ గిన్నెలో సీసా పెట్టి కరిగించి చూపిస్తే, అప్పుడూ నమ్మరు, నేనేదో కనికట్టు చేశానంటారు. నేరేడు పూలది నల్లగా ఉంటుంది. వేపపూలది కూడా ముదురు రంగే. నాలుక మీద మొదట తీపి, మింగాక వెనకనుంచి సన్నటి చేదు వస్తుంది. ఆ చేదంటే నాకు ప్రాణం.

ఇవన్నీ మంచి తేనెలే. ఒకదాన్ని చూసి ఇంకొకదాన్ని తిట్టడం కంటే తెలివితక్కువ పని లేదు.

తోపులో కల్లుకుండలు

నేను చేరినప్పుడు సంఘానికి సెక్రటరీగా ఒక పెద్దాయన ఉండేవాడు. ముక్కోపి. నాతో ఏ రోజూ ప్రేమగా మాట్లాడలేదు. అయినా నాకు పని నేర్పింది ఆయనే.

అరియాంకుప్పం నుంచి నారాయణసామి అనే రైతు తేనె తెచ్చేవాడు. నెమ్మదస్తుడు, మీసాల చాటున నవ్వే మనిషి. ఒకసారి ఆయన తెచ్చిన తేనె మూత తీయగానే పుల్లటి వాసన గుప్పుమంది. పరీక్షలో పంచదార శాతం ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ తేలింది. నేను కాగితం మీద కల్తీ అని రాయబోయాను. సెక్రటరీ నా చేతిలో పెన్ను లాక్కున్నాడు.

"తేనెపెట్టెలు చూసినావా?"

"లేదు సార్."

"చూడకుండా రాస్తావా? లే, బస్సెక్కు."

ఆరోజు మధ్యాహ్నమే ఏరు దాటి ఆ రైతు పెట్టెలున్న కొబ్బరితోపుకి వెళ్ళాం. నారాయణసామి పెట్టెలకు పైన, చెట్ల తలల్లో కల్లుకుండలు వేలాడుతున్నాయి. కల్లుగీత అప్పుడే మొదలైందట. ఈగలు పువ్వులు మానేసి కుండల మీద ముసురుతున్నాయి. నారాయణసామి తల పైకెత్తి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఓరి నా కొడుకులారా, నేను ఒక్క చుక్క ముట్టను. మీరు తాగేసి వస్తా ఉండారా!"

ఆ ముక్కోపి సెక్రటరీ నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ తేనె మేము తీసుకోలేదు, తీసుకోకూడదు కూడా. కానీ ఆ మనిషిని దొంగ అనలేదు. ఆయన పెట్టెలు చింతతోపుకి మార్చుకున్నాడు, మళ్ళీ కమ్మటి తేనె తెచ్చాడు. తేనె చెడిందని చెప్పడం వేరు, తెచ్చినవాడు మోసగాడని చెప్పడం వేరు. ఈ రెంటికీ మధ్య ఒక బస్సు ప్రయాణం ఉంటుంది. ఆ ప్రయాణానికి బద్ధకించేవాళ్ళు దయచేసి వేరే ఉద్యోగం చూసుకోండి.

డబ్బా బోర్లించడం

మా సంఘంలో ఒక ఆచారం ఉండేది. ప్రతి సభ్యుడికీ తన సొంత తేనెడబ్బా ఉంటుంది, దానిమీద ఎర్ర రంగుతో ఇనిషియల్సు రాసి ఉంటాయి. సోమవారం సోమవారం అందరూ తేనె తెచ్చి సంఘం వరండాలో వరసగా పెడతారు. ఎవరైనా కావాలని కల్తీ చేసినట్టు తేలితే, ఆ డబ్బా కడిగి, అదే వరండాలో అందరూ చూసేటట్టు బోర్లిస్తారు. కేకలు వేయరు, జరిమానా అడగరు. ఎందుకని ఎవరూ ప్రశ్నించరు. ఆ మనిషి మళ్ళీ మెట్లెక్కడు. ఊళ్ళో కూడా వాళ్ళ తేనె ఎవరూ కొనరు.

చాలా పెద్ద శిక్ష అది. సెక్రటరీ దాన్ని ఎంత భయంగా వాడేవాడో నాకు తెలుసు. పరీక్షలు అయ్యాక, పెట్టెలున్న చోటు చూశాక, ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడాక గాని డబ్బా మీద చెయ్యి వేసేవాడు కాదు.

ఆయన పోయాక, రెండువేల దశకం మధ్యలో, మాకు ఒక మేనేజరు వచ్చాడు. అంతకుముందు బిస్కెట్ల వ్యాపారంలో ఉండేవాడట. ఇస్త్రీ చెదరని చొక్కా, తీయటి మాట. ఆయనా మా తెలుగువాళ్ళ ఇంటి మనిషే. వచ్చిన కొత్తల్లోనే ఒక రంగు అట్ట తెచ్చి నా గది గోడకు అంటించాడు.

"మేడం, మన హనీ అంతా ఈ కలర్లో ఉండాల. టూరిస్టు ఒక బాటిల్ కొని, ఆర్నెల్ల తరవాత వచ్చి ఇంకోటి కొంటే రెండూ ఒకటే మాదిరి ఉండాల."

"ఆర్నెల్లలో పూలు మారిపోతాయి సార్."

"పూల సంగతి కస్టమర్‌కి ఎందుకు మేడం?"

అన్ని తేనెలూ పెద్ద పాత్రలో పోసి కలిపించడం మొదలుపెట్టాడు. దూరపు జిల్లాల నుంచి రబ్బరుతోటల తేనె తెప్పించి, రంగు తేలే దాకా పోయించాడు. చింతపులుపు పోయింది, మునగవాసన పోయింది. సీసాలో మిగిలింది తీపి ఒక్కటే. అమ్మకాలు పెరిగాయని ఆయన సంబరపడ్డాడు. 

గ్లాసుడు నీళ్ళు

ఏంబలం నుంచి జయలక్ష్మి వచ్చేది. భర్త పోయాక పొలం కౌలుకిచ్చి, తేనెపెట్టెల మీద బతుకుతున్న మనిషి. నన్ను అక్కా అని పిలిచేది. వాళ్ళ ఊరి గుడిలో అభిషేకానికి తేనె ఆమె ఇంటినుంచే వెళ్ళేది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె మెడ కాస్త నిటారుగా లేచేది. డబ్బు కంటే ఆమెకు అదే గొప్ప.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో ఏంబలం కాలవగట్టు పొడుగునా వేపచెట్లు విరగబూశాయి. జయలక్ష్మి డబ్బా నిండా ముదురు రంగు తేనె తెచ్చింది. నేను ఒక చుక్క నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాను. అంత మంచి వేపతేనె చూసి చాలా ఏళ్ళయింది. పరీక్షకు కొంచెం తీసుకుని లోపలికి వెళ్ళాను.

నా పరీక్ష ఇంకా సగంలోనే ఉంది, వరండాలో మేనేజరు గొంతు వినిపించింది. బయటికి వచ్చి చూస్తే, సభ్యులందరి ముందు ఒక గాజుగ్లాసులో నీళ్ళు పోయించి, అందులో జయలక్ష్మి తేనె చుక్క వేశాడు. అది అడుగుకి దిగకుండా దారంలాగా సాగి నీళ్ళలో కలిసిపోయింది.

"చూసినారా? అసలు తేనె ఇట్ట కరగదు. ఈ కలరేంది? ఈ చేదేంది? బెల్లం మాడితే వచ్చే చేదు ఇది. మీ ఇంటి పక్కనే బెల్లం వండే కొట్టం ఉండాది కదామ్మా?"

జయలక్ష్మి గ్లాసు దగ్గరికి వచ్చింది.

"ఉండాది సార్. దానికీ నా తేనెకీ ఏంది సమ్మంధం? చెరుకు ఆడేది నిలిపేసి నెలయింది. వేపపూత సార్ ఇది. మీరే వచ్చి చూడండి, గట్టు మీద నడిస్తే తలనిండా పూలు రాలతాయి."

"మా ఊళ్ళో కూడా వేపచెట్లు ఉండాయమ్మా."

నేను అడ్డం వెళ్ళాను. మన నేలలో చిన్న ఈగల తేనెలో తేమ కాస్త ఎక్కువ, అది నీళ్ళలో తొందరగానే కలుస్తుందని చెప్పాను. గట్టిగా కాచిన పంచదార పాకం వేస్తే చక్కగా అడుగుకి దిగి కూర్చుంటుంది, కావాలంటే ఇప్పుడే కాచి చూపిస్తానన్నాను. సాయంత్రం దాకా ఆగితే పుప్పొడి కూడా చూసి చెబుతానన్నాను. ఆయన అందరి ముందూ నావైపు చూసి చిరునవ్వు నవ్వాడు.

"మేడంకి అందరి మీదా జాలి."

డబ్బా ఖాళీ చేయించాడు. తేనెను సాక్ష్యం కింద వెనక గదిలో పెట్టించాడు. అటెండరు మురుగేశన్ కడగనని నీళ్ళు నములుతుంటే, తానే నీళ్ళు పోసి, తానే ఆ డబ్బా వరండాలో బోర్లించాడు. జయలక్ష్మి ఏడవలేదు. తన ఇనిషియల్సు తలకిందులుగా కనబడుతుంటే వాటినే చూస్తూ కాసేపు నిలబడి, మెట్లు దిగి బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

సాయంత్రానికి నా పరీక్ష పూర్తయింది. పంచదార శాతం మామూలుగా ఉంది, బెల్లం జాడ లేదు. మైక్రోస్కోపు కింద ఎటు చూసినా వేప పుప్పొడే. కాగితం తీసుకెళ్ళి ఆయన బల్లమీద పెట్టాను. ఆయన చదివాడు, చదవలేదని నేను అనను. చదివి సొరుగులో పెట్టుకున్నాడు.

"కస్టమర్ మైక్రోస్కోప్ ఎత్తుకోని రాడు కదా మేడం."

ఆ వారంలోనే ఏంబలం గుడివాళ్ళు అభిషేకం తేనె వేరేచోట తీసుకోవడం మొదలుపెట్టారని తెలిసింది. నేను సంఘంవాళ్ళ చుట్టూ తిరిగాను. ఒక్కరూ కాదనలేదు, ఒక్కరూ కదల్లేదు. బోర్లించిన డబ్బా గురించి మాట్లాడకూడదట. తప్పు చేసినవాడి కోసం పెట్టుకున్న మౌనం అది, తప్పు చేయని మనిషి మీద బండలాగా పడింది. ఆ బండ ఎత్తడానికి మగవాళ్ళు ఇంతమంది ఉండి ఒక్క చెయ్యి రాలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు కోపం తగ్గదు.

ఆకుపచ్చ లేబుల్

బీచిరోడ్డు దగ్గర విడిది నడిపే ఒకామె మా దగ్గర తేనె కొనేది. ఒకరోజు ఆమె నేరుగా నా గదిలోకి వచ్చి, ఈ మధ్య మీ తేనెలో ఏ రుచీ లేదు, చక్కెరనీళ్ళు కొనుక్కున్నా ఒకటేనని కోప్పడింది. నాకు ప్రాణం లేచివచ్చింది. పరీక్షకు తీయగా మిగిలిన జయలక్ష్మి తేనె చిన్న సీసాలో ఉంటే, చెంచాతో అందించాను. ఆమె మింగి, ఆ వెనకటి చేదు కోసం ఆగి, ఇది ఎంతుంటే అంతా కావాలంది.

మేనేజరు చెవిలో ఆ మాట పడింది. నెల తిరక్కుండా వెనకగదిలోని 'సాక్ష్యం' చిన్న చిన్న సీసాల్లోకి ఎక్కింది. వాటికి ఆకుపచ్చ లేబుల్, దానిమీద వేపపూల బొమ్మ. 'ప్రత్యేకమైన వేపతేనె' అట! షాపులో ఆ సీసాలు. బయట వరండాలో అదే తేనె తెచ్చిన డబ్బా బోర్లా. రోజూ పొద్దున ఆ రెండింటి మధ్యనుంచి నడిచి లోపలికి వెళ్ళేదాన్ని.

ఏంబలంలో జయలక్ష్మి ఎదురింటి ఫోనుకి కబురు పెట్టాను. మర్నాడే వచ్చింది. ముందు డబ్బా చూసింది, తరవాత అద్దాల బీరువాలో సీసాలు చూసింది. ఒక సీసా చేతిలోకి తీసుకుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"ఇది నాదే కదక్కా?"

"నీదే."

మేనేజరు కుర్చీలోంచి లేచి వచ్చాడు. తేనె మంచిదే, అప్పుడేదో పొరపాటు పడ్డామన్నాడు. కూర్చోమన్నాడు, కాఫీ తెప్పిస్తానన్నాడు.

"కాఫీ వద్దు సార్. పొరపాటు అంటా ఉండారు కదా. అయితే డబ్బా ఎత్తండి. సోమవారం అందరూ ఉన్నప్పుడు, బోర్లించిన చేత్తోనే ఎత్తండి."

"ఎత్తేదానికి ఆచారం లేదమ్మా. ఇప్పటిదాకా ఎవురూ ఎత్తలేదు. నువ్వే సైలెంటుగా ఎత్తుకోని పో."

"నేను ఎత్తుకోని పోతే, దొంగది ఎత్తుకోని పాయె అంటారు. నాకు ఊళ్ళో తల ఎత్తే దారి యాడ సార్?"

ఆయన గడియారం చూసుకున్నాడు. జయలక్ష్మి అమ్ముడుపోని సీసాలూ, వెనకగదిలో మిగిలిన తేనె కూడా తనకు ఇచ్చేయమంది. మురుగేశన్ ఆయన్ని అడక్కుండానే ఒక కొత్త బిందెలో పోసి ఇచ్చాడు. డబ్బాను ఆమె ముట్టుకోలేదు.

రెండో డబ్బా

విడిది నడిపే ఆమె మళ్ళీ వచ్చి వేపతేనె అడిగింది. మేనేజరు వారంలో ఇస్తానని మాటిచ్చేశాడు. ఆమె వెళ్ళాక నా గదిలోకి వచ్చాడు. మురుగేశన్ అక్కడే సీసాలు తుడుస్తున్నాడు.

"మేడం, మన గోల్డెన్ హనీలో కొంచెం బెల్లం పాకం కలిపితే ఆ కలర్ వస్తాది కదా? చేదుకి నాలుగు వేపాకులు మరగబెట్టి పోస్తే సరి. ఎవురికి తెలుస్తాది?"

 ఒక మనిషి బతుకుని ఏ మాటతో పడగొట్టాడో, అదే పని నన్ను చేయమంటున్నాడు, మొహంలో సిగ్గన్నది లేకుండా! మురుగేశన్ చేతిలోని గుడ్డ అట్లాగే ఆగిపోయింది. నేను గదిలోంచి బయటికి వచ్చేశాను. అక్కడే ఉంటే నోటికి వచ్చే మాట బాగుండేది కాదు.

సోమవారం అందరికంటే ముందు వెళ్ళాను. సామాన్ల గదిలోంచి ఒక కొత్త డబ్బా తీసి, ఎర్ర రంగుతో మేనేజరు ఇనిషియల్సు నా చేత్తోనే రాశాను. రంగు ఆరాక, ఆచారం ప్రకారం కడిగి, జయలక్ష్మి డబ్బా పక్కన బోర్లించాను.

సభ్యులు వచ్చారు. ఒక్కొక్కరూ మెట్ల దగ్గరే ఆగిపోయారు. అలాంటప్పుడు ఎందుకని ఎవరూ అడగరు కదా. ఆ రోజు నారాయణసామి అడిగాడు.

"ఏంది రుక్మిణమ్మా ఇది?"

నేను చెప్పాను. బెల్లం పాకం మాట, వేపాకుల మాట, సొరుగులోకి వెళ్ళిన నా పరీక్ష కాగితం మాట, అన్నీ. నిజమేనా అని వాళ్ళు మురుగేశన్ వైపు చూశారు. నిజమేనని తల ఊపాడు. అంతలో మేనేజరు లోపలినుంచి వచ్చి డబ్బా చూశాడు. మొహం మాడిపోయింది.

"ఏంది మేడం ఈ తమాషా? ఎత్తండి దాన్ని."

"ఎత్తడానికి ఆచారం లేదు సార్. మీరే చెప్పారు."

నారాయణసామి మెట్లెక్కి వచ్చాడు. వంగి, జయలక్ష్మి డబ్బాను రెండు చేతులతో ఎత్తి నిలబెట్టాడు. అంచున పట్టిన దుమ్ము భుజం మీది తుండుతో తుడిచాడు.

"ఆచారం మనం పెట్టిందే కదా. ఈ పొద్దు నించి ఇది కూడా ఉండాది."

తన తేనె ఎవరికీ ఇవ్వకుండా మెట్ల మీదే వదిలేసి, ఆ ఖాళీ డబ్బా భుజాన పెట్టుకుని ఏంబలం బస్సెక్కాడు. ఇంకో నలుగురు ఆయన వెనకే వెళ్ళారు, నేనూ వెళ్ళాను. గుడివీధిలో అందరూ చూస్తుండగా నడిచి, ఆ డబ్బాను జయలక్ష్మి గడప ముందు నిలువుగా పెట్టాం. ఆమె బయటికి వచ్చి డబ్బా చూసింది, నారాయణసామిని చూసింది. డబ్బా బోర్లించిన రోజున రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఆ నెల కృత్తిక నక్షత్రం నాటి అభిషేకానికి గుడివాళ్ళు ఇత్తడి చెంబు పట్టుకుని మళ్ళీ ఆమె ఇంటికే వచ్చారు.

మేనేజరు ఇంకొన్నాళ్ళు మా సంఘంలోనే ఉన్నాడు. నా మీద పైకి ఫిర్యాదులు రాశాడు, అవేమయ్యాయో నాకు తెలియదు, నేను కనుక్కోలేదు. రంగు అట్ట నేనే పీకేశాను. తేనెలు కలపడానికి సభ్యులు ఒప్పుకోలేదు, సంఘంలో మళ్ళీ చింతతేనె పుల్లగా, వేపతేనె చేదుగా అమ్మాం. బదిలీ మీద వెళ్ళిపోయే రోజున ఆయన సంచీ పట్టుకుని వరండాలోకి వచ్చి, తన డబ్బా దగ్గర కాసేపు ఆగాడు. సోమవారం కాబట్టి సభ్యులందరూ అక్కడే ఉన్నారు. ఎవరైనా వంగుతారేమో అని ఒక్కొక్కరి మొహం చూశాడు. ఎవరూ వంగలేదు.